రోడ్డు పడకముందే గొట్టం పడాలి

హైదరాబాద్ శివార్లలో కొల్లూరు, మోకిలా, తెల్లాపూర్ వైపు కొత్త వెంచర్ల బ్రోషర్లు తిరగేస్తే క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ బొమ్మల కింద ఏదో ఒక మూల 'హైస్పీడ్ ఫైబర్ ఇంటర్నెట్' అని రాసి ఉంటుంది. సంప్ ఎన్ని లీటర్లు, జనరేటర్ ఎంత కేవీఏ అని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు కూడా అక్కడికి వచ్చేసరికి తలూపి ఊరుకుంటారు. ఏదో ఒక కంపెనీ వచ్చి వేస్తుందిలే అన్న ధీమా. నేను చాలా ఏళ్లుగా నెట్‌వర్క్ పనుల్లోనే ఉన్నాను కాబట్టి సూటిగా చెబుతాను. కొత్త కాలనీలో ఏ కంపెనీ ఇంటర్నెట్ వస్తుందన్నది తర్వాతి సంగతి. ఫైబర్ అనే గాజు తీగ దూర్చడానికి రోడ్డు కింద ఖాళీ గొట్టం ఉందా, ఉంటే అది ఎవరిది? ముందు అడగాల్సింది అదీ.

వెంచర్‌లో పని జరిగే వరస అందరికీ తెలిసిందే. డ్రైనేజీ లైను, వాననీటి కాలువ, మంచినీళ్ల పైపు, అండర్‌గ్రౌండ్ కరెంటు కేబుల్, వీధి దీపాల వైరు. అన్నీ పూడ్చి, రోలర్ తిప్పి, పైన సీసీ రోడ్డు పోస్తారు. చాలా చోట్ల ఈ వరసలో ఫైబర్ గొట్టం ఉండదు. కొల్లూరు దగ్గర మా అన్నయ్య వాళ్లు విల్లా బుక్ చేసిన చోట సైట్ ఇంజినీరును ఇదే అడిగాను. "రోడ్డు పడ్డంక గూడ ఏసుకోవచ్చు సార్. కట్టర్ పెట్టి కోస్తే అయిపోతది. మీకెందుకు టెన్షన్?" అన్నాడు. మంచి కుర్రాడే, పని తెలిసినవాడే. అతని డ్రాయింగులో ఆ గీత లేదు, అంతే. డ్రాయింగులో లేనిది బిల్లులో ఉండదు, బిల్లులో లేనిది నేలలో పడదు.

కట్టర్ పెట్టి కోస్తే అయిపోతుందన్న మాట హైదరాబాద్ నేల మీద చెల్లదు. నార్సింగి, కోకాపేట వైపు కొద్ది అడుగులు తవ్వగానే గ్రానైట్ తగిలే చోట్లు ఎన్నో. అక్కడ జేసీబీ బకెట్ గీరుతుందే గానీ దిగదు, బ్రేకర్ తేవాల్సిందే. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి ఉన్న చోట తవ్వడం తేలిక. కానీ అది వానకు ఉబ్బి ఎండకు బీటలువారే నేల. గొట్టం కింద, చుట్టూ ఇసుక పరిచి దిమ్మిస సరిగ్గా కొట్టకపోతే తర్వాత రోడ్డు అంచు కుంగుతుంది, గొట్టం నొక్కుకుపోతుంది. ఫైబర్ పనిలో గాజు తీగ ఖర్చు తక్కువ, తవ్వకం ఖర్చు ఎక్కువ. ఎవరు ఎంత పెద్ద కొటేషన్ ఇచ్చినా అందులో సింహభాగం మట్టిదీ రాయిదీనే.

తెలంగాణలో ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ తలపెట్టినప్పుడు ఇదే ఆలోచించారు. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకంలోనే ఫైబర్ డక్టు, అంటే తీగ కోసం గొట్టం, కూడా వేయించారు. ఒకే తవ్వకంలో రెండు పనులు. ఆ ప్రాజెక్టు తర్వాత ఎలా నడిచిందన్న చర్చ వేరు, ఆ ఒక్క నిర్ణయం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. పక్కన ఆంధ్రలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. పని తొందరగా, చవగ్గా అయింది, మొదట్లో నెలకు 149 రూపాయలకే కనెక్షన్ ఇవ్వగలిగారు. పల్లెలకు త్వరగా చేరాలంటే ఆ దారి సబబే. అదే పద్ధతిని కొత్తగా కడుతున్న కాలనీలోకి తేవడం నాకు నచ్చదు.

ఎందుకో హైదరాబాద్ వాళ్లకు వివరించక్కర్లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నగరమంతా స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కత్తిరించారు. ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. తప్పు ఎవరిదన్న వాదనలోకి నేను వెళ్లను. స్తంభం విద్యుత్ సంస్థది, దాని మీద వేలాడే తీగ ఇంకొకరిది, ఆ తీగతో బతికేది మనం. మనకు హక్కు లేని స్తంభం మీద మన ఉద్యోగాలు ఆధారపడకూడదు. పాత బస్తీల్లో, ఇరుకు గల్లీల్లో వేరే దారి లేక అలా వచ్చింది. ఇంకా రోడ్డే పడని చోట ఆ అవస్థను చేజేతులా తెచ్చుకోవడం ఎందుకు?

ఇక డబ్బు సంగతి. ఇక్కడే బిల్డర్లు చల్లబడతారు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. 300 విల్లాల కాలనీ, లోపలి రోడ్లన్నీ కలిపి 2.5 కిలోమీటర్లు అనుకుందాం. కింది రేట్లు లెక్క కోసం నేను వేసుకున్న రౌండ్ ఫిగర్లు. మీ కొటేషన్లో అటూ ఇటూ అవుతాయి గానీ లెక్క తీరు మారదు.

రోడ్డుకు ఒక పక్కగా 40 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డక్టులు రెండు వరసలు వేయాలి. ఒకటి వాడుకకు, రెండోది రేపు మొదటిది పాడైతేనో, ఇంకో కంపెనీ వస్తేనో ఉండాలి. మొత్తం 5 కిలోమీటర్ల గొట్టం, మీటరు 60 రూపాయల చొప్పున 3 లక్షలు. దాదాపు అరవై మీటర్లకు ఒక చాంబర్ (కేబుల్ లాగడానికి, అతకడానికి నేలలో కట్టే మూత గుంత) చొప్పున నలభై చాంబర్లు, ఒక్కోటి 8,000 అనుకుంటే 3.2 లక్షలు. ప్రతి ఇంటి గేటు దాకా చిన్న గొట్టం, అవతలి పక్క ఇళ్లకు రోడ్డు కింద క్రాసింగ్ కలిపి ఇంటికి 1,500 చొప్పున 4.5 లక్షలు. తవ్వకం ఎలాగూ వేరే లైన్ల కోసం జరుగుతోంది కాబట్టి దాన్ని కొంచెం వెడల్పు చేసినందుకు మీటరుకు 100 వేస్తే 2.5 లక్షలు. అన్నీ కలిపితే 13.2 లక్షలు, ఇంటికి 4,400 రూపాయలు.

ఇదే పని రోడ్డు పడ్డాక చేస్తే? గొట్టాలు, చాంబర్ల ఖర్చు మారదు, 10.7 లక్షలు. కానీ ఇప్పుడు కందకం మన కోసమే ప్రత్యేకంగా తవ్వాలి. రాతి నేలలో మీటరుకు 800 చొప్పున 20 లక్షలు. అవతలి పక్క 150 ఇళ్ల కోసం రెండిళ్లకు ఒకటి చొప్పున 75 చోట్ల సీసీ రోడ్డును అడ్డంగా కోసి మళ్లీ పూడ్చాలి. ఒక్కో చోట పది మీటర్లు, మీటరుకు 1,500 చొప్పున 11.25 లక్షలు. మొత్తం 42 లక్షలకు చేరుతుంది, ఇంటికి 14,000. కోటి దాటిన విల్లా కొన్నవాడికి 4,400 ఒక లెక్క కాదు. 14,000 కూడా ఇవ్వగలడేమో. కానీ అప్పటికి బిల్డర్ వెళ్లిపోయి ఉంటాడు. ఆ డబ్బు అసోసియేషన్ మీటింగులో చేతులెత్తించి వసూలు చేయాలి. ఇల్లు అద్దెకిచ్చి అమెరికాలో ఉన్న ఓనరు ఫోనే ఎత్తడు. కొత్త రోడ్డు కోయడానికి వీల్లేదని ఇంకొకాయన పట్టుబడతాడు. చివరికి ఎవరో ఒకరు వీధి దీపం స్తంభానికి కేబుల్ కట్టి పోతారు, కథ మళ్లీ మొదటికే.

గొట్టంలో వేసే గాజు తీగ విషయంలో కూడా నాకొక గట్టి అభిప్రాయం ఉంది. మామూలుగా కంపెనీలు ఏం చేస్తాయంటే, తమ ఆఫీసు నుంచి ఒక కోర్ (కేబుల్లోని ఒక్క గాజు పోగు) తెచ్చి, వీధి మలుపులో స్ప్లిటర్ పెట్టి, అక్కడి నుంచి ఎనిమిది ఇళ్లకో ముప్పై రెండు ఇళ్లకో చీలుస్తాయి. తీగ ఆదా అవుతుంది. కానీ ఆ స్ప్లిటర్ నుంచి ఇంటి దాకా ఉన్న కొమ్మంతా ఒకే కంపెనీ చెట్టుకు అంటుకుపోతుంది. నేను చెప్పేది, ప్రతి ఇంటి నుంచి రెండు కోర్లు నేరుగా కాలనీ టెలికాం గదికి రావాలి. స్ప్లిటర్లన్నీ ఆ గదిలోనే ఉండాలి. ఏ కంపెనీ అయినా ఆ గది దాకా తన కేబుల్ తెచ్చుకుంటుంది. ఇంటివాళ్లు కంపెనీ మారితే గదిలో ప్యాచ్ కార్డ్ అనే చిన్న తీగ తీసి ఇంకో చోట గుచ్చడమే పని. రెండు కోర్లు ఎందుకంటే, ఒకటి తెగితే ఇంకోటి ఉంటుంది, లేదా ఒకే ఇంట్లో రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే పనిచేసే ఇళ్లు ఇటువైపు ఎన్ని ఉన్నాయో తెలిసిందే కదా.

దూరం ఎక్కువైతే సిగ్నల్ తగ్గదా అని అడుగుతారు. కాలనీ అంత దూరంలో తగ్గేది లెక్కలోకి రాదు. జీపాన్ అనే ఇప్పటి పద్ధతిలో, ఎక్కువగా వాడే బీ-ప్లస్ తరగతి పరికరాల మధ్య 28 డీబీ (డెసిబెల్, సిగ్నల్ నష్టాన్ని కొలిచే కొలత) దాకా నష్టం తట్టుకుంటుంది. ఒక కిలోమీటరు ఫైబర్ తినేది ఒక్క డీబీలో మూడో వంతే. 32 పాయల స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 17 డీబీ తింటుంది. అంటే సిగ్నల్ తినేది స్ప్లిటరే, దాన్ని గదిలో పెట్టినా వీధిలో పెట్టినా అంతే తింటుంది. అలాంటప్పుడు వానకూ ఎలుకలకూ దొరికేలా వీధిలో ఎందుకు పెట్టాలి?

ఈ పద్ధతికి ఖర్చు? 60 ఇళ్లకు ఒక బ్లాకు చొప్పున అయిదు బ్లాకులు. గది నుంచి ఒక్కో బ్లాకుకు 144 కోర్ల కేబుల్, అందులో 120 వాడగా 24 స్పేర్ మిగులుతాయి. ఈ కేబుళ్లు, బ్లాకు క్యాబినెట్లు, అక్కడి నుంచి ఇళ్లకు డ్రాపులు అనే చివరి తీగలు, స్ప్లైసింగ్ అంటే తీగలు అతికే పని, గదిలో ర్యాకులు అన్నీ కలిపి నా లెక్కలో 13 లక్షల దగ్గర తేలింది. గొట్టాల ఖర్చుతో కలిపితే 26 లక్షలు, ఇంటికి తొమ్మిది వేల లోపే.

వేగం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని మసిపూసి మారేడుకాయ చేస్తారు. జీపాన్‌లో కంపెనీ పెట్టెలోని ఒక పోర్టుకు డౌన్‌లోడ్ వేగం దాదాపు 2.5 జీబీపీఎస్. దాన్ని 32 ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి 78 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. అలాంటి క్షణం ఎప్పుడో గానీ రాదు కాబట్టే 300 ఎంబీపీఎస్ ప్లాను అమ్మగలుగుతున్నారు. అది మోసం కాదు. రేపు దాని తర్వాతి తరమైన ఎక్స్‌జీఎస్-పాన్ వస్తే పోర్టుకు 10 జీబీపీఎస్, అప్‌లోడ్ కూడా అంతే. దానికి నేలలోని తీగ మార్చక్కర్లేదు, రెండు కొసల్లోని పెట్టెలు మారిస్తే చాలు. పెట్టెలు కొన్నేళ్లకోసారి ఎలాగూ మారతాయి. నేలలో ఉన్నది మాత్రం ఒక తరం ఉంటుంది. డబ్బు నేలలోని గొట్టం, తీగ మీద పెట్టమని నేను పోరేది ఇందుకే.

'ఫ్రీ' అన్న మాట దగ్గరికి వద్దాం. కొన్ని కంపెనీలు బిల్డర్ దగ్గరికి వచ్చి, గొట్టం దగ్గర నుంచి గది దాకా అంతా మేమే వేస్తాం, మీరు పైసా పెట్టక్కర్లేదు, ఇన్నేళ్ల పాటు లోపలికి మేం తప్ప ఇంకొకరు రాకూడదు అని రాయించుకుంటాయి. బిల్డర్‌కు హాయి. ఆ సంతకం చేసేవాడు ఆ ఇంట్లో ఉండబోయేవాడు కాదు. పోటీ లేని చోట నెలకు కేవలం వంద రూపాయలు ఎక్కువ పడిందనుకోండి. 300 ఇళ్లకు అయిదేళ్లలో 18 లక్షలు. గొట్టాలు మనమే వేసుకుంటే అయ్యేది 13.2 లక్షలు. ఫ్రీగా వచ్చినదానికి అంతకంటే ఎక్కువే కట్టాం, పైగా అది ఎప్పటికీ మనది కాదు.

పోటీ వల్ల ధర ఎలా దిగుతుందో హైదరాబాద్ కళ్లారా చూసింది. 2017లో యాక్ట్ ఫైబర్‌నెట్ కంపెనీ ఇక్కడ 1 జీబీపీఎస్ ప్లాను తెచ్చినప్పుడు నెలకు 5,999 రూపాయలు. 2019లో జియో ఫైబర్ అదే వేగాన్ని 3,999కి తెచ్చింది. ఒక్క కంపెనీకే రాసిచ్చిన గేటు లోపలికి ఇలాంటి పోటీ అడుగు పెట్టలేదు. మా అక్క వాళ్ల గేటెడ్ కమ్యూనిటీ ఇలాంటి ఒప్పందంలోనే ఉంది. ఒకసారి డ్రైనేజీ మరమ్మతులో కేబుల్ తెగితే రోజుల తరబడి ఎవరూ రాలేదు. మా బావ ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని కేఫ్‌ల వెంట తిరిగి క్లయింటు కాల్స్ చేసుకున్నాడు. కంపెనీ మారుద్దామంటే మారడానికి ఇంకోటి లేదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రభుత్వ స్థలాల్లో కేబుల్ వేసుకునే అనుమతి వివక్ష లేకుండా, వీలైనంత వరకు ఒక్కరికే కట్టబెట్టకుండా ఇవ్వాలంటోంది. ఊరి రోడ్డుకు ఉన్న ఆ న్యాయం మన గేటు లోపలి రోడ్డుకు ఎందుకు ఉండకూడదు?

వైర్‌లెస్ వచ్చేసింది కదా, ఇంకా తవ్వకాలేమిటని మా వదిన అడిగింది. "ఏమయ్యా, 2023 నుంచి ఎయిర్‌ఫైబర్లు ఉన్నాయిగా, డాబా మీద ఇంటికో పెట్టె తగిలిస్తే సరిపోదా?" అని. అద్దె ఇంటికీ, బ్యాకప్‌కూ అది మంచిదే, నేనే ఇద్దరు ముగ్గురికి చెప్పి పెట్టించాను. కానీ 300 ఇళ్లూ ఒకే టవర్ మీద పడితే గాలిలో ఉన్న చోటునే అందరూ పంచుకోవాలి, సాయంత్రం ఎనిమిదింటికి దాని బలం తెలుస్తుంది. ఆ టవర్‌కు కూడా బాగా పనిచేయాలంటే కింద ఫైబరే కావాలి.

ఇంకో అభ్యంతరం మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఓపెన్ ప్లాట్ల వెంచర్‌లో సగం ప్లాట్లు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటాయి. ఇల్లే లేని ప్లాట్ల ముందు ఫైబర్ లాగి ఏం లాభం? నిజమే, ఏం లాభం లేదు. అక్కడ తీగ వద్దు, గొట్టం ఒక్కటి వేసి మూతులు బిగించి వదిలేయండి. ఇళ్లు లేచినప్పుడు తీగ లాక్కోవచ్చు.

పని చేయించేటప్పుడు చూసుకోవాల్సినవి చిన్నవే, కానీ అక్కడే అంతా చెడుతుంది. గొట్టం రెండు కొసలకూ ఎండ్ ప్లగ్ లేకపోతే మొదటి వానకే బురద చేరి గట్టిపడుతుంది, ఎలుకలు కాపురం పెడతాయి. లోపల నైలాన్ తాడు వదలకపోతే తర్వాత కేబుల్ లాగేవాడికి చుక్కలు కనిపిస్తాయి. పూడ్చేముందు టేపు పెట్టి లోతు కనిపించేలా ఫొటో తీయించాలి, పైన హెచ్చరిక టేపు పరిపించాలి. కరెంటు కేబుల్‌కు దూరం పాటించాలి. టెలికాం గదిని సెల్లార్‌లో పెడతామంటే ఒప్పుకోవద్దు. 2020 అక్టోబరు వానల్లో ఈ నగరంలో సెల్లార్లు ఎలా నిండాయో చూశాం. గదికి జనరేటర్ లైను తప్పకుండా ఉండాలి.

స్ప్లైసింగ్ చేసే కుర్రాడి పక్కన ఒకసారి నిలబడి చూడండి. తొడుగు ఒలిచి, 125 మైక్రాన్ల గాజును ఆల్కహాల్ టిష్యూతో తుడిచి, క్లీవర్లో పెట్టి టక్కున కోస్తాడు. మెషీన్ తెర మీద రెండు కొసలు ఎదురెదురుగా కనిపిస్తాయి. మెషీనే వాటిని వరసకు తెచ్చి ఒక్క మెరుపుతో అతికిస్తుంది. తెర మీద అతుకు నష్టం 0.02 డీబీ అని పడితే అతని మొహం వెలుగుతుంది. అదే పని రోడ్డు పక్కన స్కూటర్ సీటు మీద, దుమ్ములో, లారీలు పోతుంటే చేయిస్తాం. అంకె పెరుగుతుంది, మళ్లీ కోస్తాడు, మళ్లీ పెరుగుతుంది, ఇక పోనీలే అని మూసేస్తాడు. ఏడాది తర్వాత మన ఇంట్లో పెట్టె మీద ఎర్ర లైటు. చాంబర్, క్యాబినెట్, గది సరిగ్గా కడితే ఈ కుర్రాడికి కూర్చునే చోటు, మనకు నిలిచే అతుకు దొరుకుతాయి. పని ముగిశాక ప్రతి ఇంటి దగ్గరా అక్కడికి చేరే సిగ్నల్ బలం కొలిచే పవర్ మీటర్ పెట్టించి అంకె (డీబీఎంలలో) రాయించుకోవాలి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 27కు దగ్గర పడుతుంటే డబ్బు ఆపి, అతుకు మళ్లీ వేయించండి.

చివరగా కాగితాలు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఉమ్మడి సౌకర్యాల నిర్వచనం చదవండి. కరెంటు, గ్యాస్, నీళ్లు, పారిశుధ్యం, ఏసీ, సోలార్ లాంటి పునరుత్పాదక ఇంధనం దాకా పేర్లు ఉన్నాయి. ఇంటర్నెట్ పేరు లేదు. 'వంటివి' అన్న మాట ఉంది కాబట్టి వాదించి చేర్చుకోవచ్చు, కానీ వాదన దాకా ఎందుకు, ముందే రాయించుకుంటే పోతుంది. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాల డిజిటల్ కనెక్టివిటీకి స్టార్ రేటింగ్ నిబంధనలు తెచ్చింది. మీ ప్రాజెక్టుకు ఆ రేటింగ్ కోసం దరఖాస్తు చేస్తారా అని బిల్డర్‌ను అడగండి. ఆ ఒక్క ప్రశ్నతోనే అవతలివాళ్లు డ్రాయింగులు బయటికి తీయడం నేను చూశాను.

అన్నయ్య వాళ్లు కొనుగోలుదారులందరి తరఫున బిల్డర్‌కు ఇచ్చిన లేఖలో, అగ్రిమెంటులో చేర్చమంటూ ఈ ముక్క పెట్టించాం, కావాలంటే ఎత్తి వాడుకోండి: "ప్రాజెక్టు లోపలి ఫైబర్ డక్టులు, చాంబర్లు, టెలికాం గది, గది నుంచి ప్రతి ఇంటి వరకు ఉన్న ఫైబర్ కోర్లు ఉమ్మడి ఆస్తి. వాటిని డ్రాయింగులు, టెస్ట్ రిపోర్టులతో సహా ఓనర్ల అసోసియేషన్‌కు అప్పగించాలి. వాటి మీద ఏ సర్వీస్ ప్రొవైడర్‌కూ ప్రత్యేక హక్కు ఇవ్వరాదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆ ఒప్పందం ప్రతిని ఈ అగ్రిమెంటుకు జతచేయాలి." బిల్డర్ లాయరు చివరి వాక్యం తీసేయమన్నాడు. మేం తీయలేదు.